మెల్లగా ఊదడం నేర్పిన మాస్టరు

తిరుపతిలో చిత్తూరు బస్సెక్కితే సీటు లేదు. చంద్రగిరి దాటి చాలాసేపటిదాకా పైన కడ్డీ పట్టుకుని వేలాడుతూనే పోయాను. పాకాల క్రాసు దగ్గర ఎవరో దిగితే కూలబడి, మొహం తుడుచుకుందామని చెయ్యెత్తేసరికి ఆ వాసన తగిలింది. చెమట, లోహం కలిసిన వాసన. ఒకసారి అరచేతికి పట్టిందంటే సబ్బేసి రుద్దినా పోదు, అన్నం కలిపేటప్పుడు మళ్ళీ వస్తుంది. పెళ్ళిళ్ళ బ్యాండులో కార్నెట్, అంటే చిన్న ఇత్తడి బాకా, ఊదే రోజుల్లో నా చేతులకి ఎప్పుడూ ఇదే వాసన. "ఆ కంపు చేత్తో నా వంటింట్లోకి రావద్దురా" అని మా అమ్మ అరిచేది. నేను కావాలనే పోయి ఉప్పు డబ్బా ముట్టుకునేవాణ్ణి.

పోతున్నది కూడా ఆ పని మీదే. నాకు ఊదడం నేర్పిన బ్యాండు మాస్టరు పోయిన ఏడాదికి ఆయన కూతురు ఫోన్ చేసింది. "అన్నా, ఇల్లు ఖాళీ చేస్తా ఉండాము. నాయన సామాన్లన్నీ పాత ఇత్తడి కొనేవాళ్ళకి వేసేద్దామంటా ఉండారు మా ఆయన. నీకేమన్నా కావాలంటే ముందే వచ్చి చూసుకో" అంది. పాత ఇత్తడంటే కిలోల లెక్కన. మా నాయన చిత్తూరు బెల్లం మండీలో కాటా గుమాస్తాగా చేశాడు కాబట్టి కాటా మీద ఏది పెట్టినా నాకు వింత లేదు గానీ, ఆయన యూఫోనియం, ఆ పెద్ద ఇత్తడి బాకా, కాటా మీద ఊహించుకుంటే మాత్రం అదోలా అయింది.

ఆయన పేరు రాయను. పేరుతో పిలిచిన వాళ్ళు కూడా తక్కువే. చిత్తూర్లో బ్యాండు మాస్టర్లు చాలామందే ఉండేవాళ్ళు, గిరింపేటలో మాస్టరు అంటే మాత్రం ఆయనొక్కడే.

*

మా షెడ్డు ఒక మామిడి మండీ వెనకాల ఉండేది. రేకుల షెడ్డు. ఎండాకాలం వచ్చిందంటే సగం షెడ్డు తోతాపురి కాయలకి, మిగతా సగం మాకు. గడ్డిలో మగ్గుతున్న కాయల వాసన, ఇత్తడి తోమే బ్రాసో వాసన, గోడకి తగిలించిన యూనిఫారాల చెమట వాసన అన్నీ ఒకటిగా ఉండేవి. ఎర్ర కోట్లు, భుజాల మీద జరీ కుచ్చులు, వాటిలో సగం ఊడిపోయినవి. పగలు ఒకాయన సైకిళ్ళకి పంక్చర్లేసేవాడు, ఒకాయన టైలరు, ఇద్దరు మండీలోనే హమాలీలు, క్లారినెట్ ఊదే ఆయనకి సంతపేటలో చిన్న బీడీల కొట్టు. సాయంత్రం ఆరుకల్లా అందరూ అక్కడ చేరేవాళ్ళు. ఆలస్యమైతే మాస్టరు తిట్టడు, వాచీ చూస్తాడు. హెచ్‌ఎంటీ వాచీ, మిలిటరీలో ఉన్నప్పుడు కొన్నది. ఆ చూపు కంటే తిట్టేస్తేనే నయం.

ఆయన చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడే మిలిటరీకి పోయాడు. నీలగిరుల్లో వెల్లింగ్టన్, మద్రాసు రెజిమెంటు సెంటరు. అక్కడ ముందు బూట్లు తుడవడం, తర్వాత బ్యూగిల్, ఆ తర్వాత కార్నెట్. పైకొచ్చాక మధ్యప్రదేశ్‌లో పచ్‌మఢీకి పంపించారట. మిలిటరీ బ్యాండు మాస్టర్లకి చదువు చెప్పేది అక్కడే. నొటేషన్, అంటే స్వరాలు కాగితం మీద రాయడం, పదిహేను వాయిద్యాలకి పదిహేను రకాలుగా పాట విడగొట్టడం, కర్ర పట్టుకుని నిలబడి నడిపించడం, అన్నీ అక్కడ నేర్చుకున్నాడు. పెన్షన్‌తో ఇంటికొచ్చిన మనిషి ఊరికే కూర్చోలేక పెళ్ళిళ్ళ బ్యాండు పెట్టాడు. మిలిటరీలో ఆయన ఎదురుగా కూర్చున్నవాళ్ళంతా నొటేషన్ చదివేవాళ్ళు. ఇక్కడ మాలో సగం మందికి సంతకం కూడా సరిగ్గా రాదు.

మమ్మల్ని చూసి ఆయన స్థాయి తగ్గించుకోలేదు. అక్కడే మాకు చావొచ్చింది.

*

చేరిన కొత్తలో వాయిద్యం ఇవ్వలేదు. వారాల తరబడి ఒట్టి మౌత్‌పీసే. పెదవులు బిగించి అందులోకి ఊదితే కందిరీగ తిరిగిన చప్పుడు వస్తుంది, అంతే. ఇంట్లో అదే, బళ్ళోకి పోయే దోవలో అదే. మా చెల్లెలు రెండు చెవుల్లో దూది పెట్టుకుని చదువుకునేది. పెదవులు వాచిపోయి, రాత్రి చింతకాయ పచ్చడి తగిలితే కళ్ళల్లో నీళ్ళొచ్చేవి.

ఇంకోవైపు పలక మీద అయిదు గీతలు గీసి స్వరాలు చదివించేవాడు. చేత్తో తొడ మీద తాళం, నోటితో స్వరం. తప్పితే మొదటికి. "నోటికి రానిది మూతికి రాదురా అబ్బయా" అనేవాడు.

కార్నెట్ చేతికిచ్చిన రోజు మొదట చెప్పింది, పైన వేళ్ళతో నొక్కే మూడు పిస్టన్లు ముట్టుకోవద్దని. ఏమీ నొక్కకుండానే, పెదవులు బిగించే తీరుని బట్టి కింద స, ప, పై స, దాని మీద గ, మళ్ళీ ప పలుకుతాయి. ఇదెలా సాధ్యమని నాకు చాలా రోజులు అర్థం కాలేదు. నడిమి పిస్టన్ నొక్కితే అర స్వరం దిగుతుంది, మొదటిది ఒక స్వరం, మూడోది ఒకటిన్నర. ఈ మూడింటినీ కలిపి నొక్కుతూ మిగతావన్నీ పుట్టించుకోవాలి. ఏడే ఏడు పట్లు. హార్మోనియం నేర్చుకున్నవాడికి ఇది అన్యాయంగా కనిపిస్తుంది. అక్కడ ఒక్కో స్వరానికి ఒక్కో మెట్టుంటుంది, ఇక్కడ ఒకే పట్టు మీద నాలుగైదు స్వరాలు, ఏది పలకాలో పెదవికి తెలియాలి.

కింద చిన్న తాళంచెవి లాంటిది ఒకటుంటుంది, నొక్కితే నీళ్ళు కారతాయి. చూసినవాళ్ళందరూ ఉమ్మనుకుంటారు. ఊపిరిలో ఆవిరి చల్లటి గొట్టంలో నీరవుతుంది, అంతే. పెళ్ళిళ్ళలో పిల్లలు ఎదురుగా నిలబడి మామిడికాయ ముక్కలు ఉప్పూకారం అద్దుకుని చప్పరిస్తుంటే మాత్రం వచ్చేది నిజంగా ఉమ్మే. నోరూరితే పెదవి జారిపోతుంది, స్వరం పగిలిపోతుంది, ఆ పిల్లలు విరగబడి నవ్వుతారు. మాస్టరు ఆ పిల్లల వైపు వీపు తిప్పి నిలబడమనేవాడు. ఆయన మాత్రం తిరిగేవాడు కాదు, వాళ్ళ కళ్ళల్లోకి చూస్తూనే ఊదేవాడు.

*

మధ్యాహ్నం మండీ గుమాస్తా ఒకాయన మా షెడ్డు గుమ్మంలో చాప వేసుకుని పడుకునేవాడు. ఆదివారం రిహార్సల్ పొద్దున్నుంచీ ఉండేది కాబట్టి ఆ నిద్రకీ మాకూ ఎప్పుడూ గొడవే. ఒక ఆదివారం మాస్టరు దాన్నే పరీక్షగా పెట్టేశాడు. మొత్తం బ్యాండు ఒక పాట మొదట్నుంచీ చివరిదాకా ఊదాలి, ఆయన లేవకూడదు.

వినడానికి తేలికే. చేసి చూస్తే తెలుస్తుంది. గట్టిగా ఊదడం ఎవరైనా ఊదుతారు, గాలి తోసేస్తే ఇత్తడి అరుస్తుంది. మెల్లగా ఊదాలంటే గాలి తగ్గించకూడదు, సన్నం చెయ్యాలి, పొట్ట గట్టిగా పట్టి ఉంచాలి, లేకపోతే స్వరం కిందికి జారుతుంది లేదా అసలు పుట్టదు, ఉత్త బుస్సుమని గాలి వస్తుంది. మొదటి నాలుగు ఆవర్తాల్లోనే ట్రాంబోన్ ఆయన పగలగొట్టాడు. గుమాస్తా లేచి కూర్చుని మా అందరి వంశాలూ ఎత్తాడు. మాస్టరు చాలా మర్యాదగా, "పడుకోండి సామీ, మళ్ళీ చేస్తాము" అన్నాడు. ఆయన నిజంగానే పడుకున్నాడు. అలా సాయంత్రందాకా సాగింది. చివరికి పాట మొత్తం అయ్యేసరికి గుమాస్తా గురక వినిపిస్తూనే ఉంది, మేమంతా నవ్వాపుకోలేక చస్తున్నాం, మాస్టరు చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. ఆ చెయ్యి దిగేదాకా పాట అయిపోయినట్టు కాదు. అది ఆయన రూలు.

"గట్టిగా ఊదితే పెళ్ళోళ్ళు డబ్బులిస్తారు. మెల్లగా ఊదేది మనకోసరం" అన్నాడు ఆ సాయంత్రం టీ తాగేటప్పుడు. ఆ మాట మీదే ఆయన బ్యాండంతా నడిచింది. ఆయన నష్టపోయింది కూడా ఆ మాట మీదే అనుకుంటాను, ఎందుకంటే ఊళ్ళో మిగతా బ్యాండ్ల వాళ్ళు రెండు వీధుల అవతలికి వినపడేవాళ్ళు, మమ్మల్ని పిలిచినవాళ్ళు "ఏమయ్యా, అన్నం తిన్లేదా?" అనేవాళ్ళు.

*

వాయిద్యాలు మీరట్ నుంచి రైలు పార్సిల్లో వచ్చేవి. అక్కడ జలీ కోఠీ అని ఒక పేటంతా బ్యాండు సామాన్ల తయారీయే. నాదిర్ అలీ కంపెనీ అయితే 1885 నుంచీ ఉన్నది. చెక్క పెట్టె మేకులు పీకి, గడ్డి తీసి, కాగితం విప్పితే లోపల కొత్త ఇత్తడి. మాస్టరు ఊదడు ముందు. బెల్, అంటే ముందుండే వెడల్పాటి మూతి, దాని అంచు మీద గోటితో చిన్నగా కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటాడు. తర్వాత ఒక్కో పిస్టన్ బయటికి తీసి, మెత్తటి ధోవతి గుడ్డతో తుడిచి, నూనె చుక్కేసి, ఏ నంబరుది ఆ నంబరు గొట్టంలోకే దించుతాడు. ఒకటోది రెండోదాంట్లో పెట్టేస్తే గాలి అడ్డుపడుతుంది, ఎంత ఊదినా ఏమీ రాదు. కొత్తగా చేరినవాళ్ళని ఏడిపించడానికి మా వాళ్ళు చేసే పని అదే.

నూనె సంగతంటే పలమనేరు పెళ్ళి చెప్పాలి. వాల్వు ఆయిల్ ఖరీదని టైలరు తమ్ముడొకడు కార్నెట్‌లో కొబ్బరినూనె పోశాడు. చిత్తూర్లో బాగానే జారింది. రాత్రి లారీలో మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు చేరేసరికి మార్గశిరం చలి, ఎముకలు కొరికేస్తోంది. పెళ్ళికొడుకు గుర్రం ఎక్కాడు, పెట్రోమాక్సులు వెలిగించారు, మాస్టరు చెయ్యెత్తాడు. కుర్రాడు పిస్టన్ నొక్కితే కిందికి పోయింది, పైకి రాలేదు. లోపల నూనె పేరుకుని గడ్డకట్టింది. మూడూ అంతే. వాడి మొహం చూడాలి. మాస్టరు ఏమీ అనకుండా ఆ కార్నెట్ లాక్కుని తన కోటు గుండీలు విప్పి చొక్కా లోపల పొట్టకి ఆనించి పెట్టుకుని, ఆ మెరవణి మొదటి వీధంతా ఒంటిచేత్తో నడిపించాడు. వీధి మలుపు తిరిగేసరికి వేడికి నూనె కరిగింది, కార్నెట్ తీసి వాడి చేతిలో పెట్టాడు.

మిగతా మేమంతా కూడా ఆ రాత్రి శ్రుతికి దిగువనే ఉన్నాం. చలికి లోపలి గాలి చల్లబడితే ఇత్తడి వాయిద్యాల శ్రుతి దిగుతుంది, క్లారినెట్ కూడా అంతే. ఒకేలా దిగితే ఎవరికీ తెలియదు. చిక్కంతా పెద్దవి నెమ్మదిగా, చిన్నవి తొందరగా వేడెక్కడంలో. అందుకే చలికాలం మెరవణి మొదలయ్యే ముందు మమ్మల్నందర్నీ గొట్టాల్లోకి వేడి ఊపిరి ఊదుతూ చప్పుడు చేయకుండా నిలబడమనేవాడు. పెళ్ళివాళ్ళు చూసి, వీళ్ళకి ఊదడం రాదేమో అనుకునేవాళ్ళు.

*

మెరవణిలో ఆయన వెనక్కి నడిచేవాడు. మొహం మా వైపు, వీపు దోవ వైపు. గుంతలు, కాలవలు, పశువులు, తాగి చిందులేసే బావమరుదులు, ఇవేవీ చూడకుండా అడుగు తప్పకుండా నడిచేవాడు. కుడిచేత్తో కార్నెట్, ఎడమచేత్తో మాకు సైగలు, రెండూ చాలకపోతే కనుబొమ్మలు.

ప్రతి మెరవణిలో ఒకచోట, ఎక్కడన్నది ముందే చెప్పడు, ఎడమచెయ్యి నేలకేసి దించేసేవాడు. పెద్ద డ్రమ్ము ఆగిపోతుంది. తాళాలు ఆగిపోతాయి. యూఫోనియం, క్లారినెట్ మాత్రం మిగులుతాయి, మేము ఊపిరంత స్వరంతో వెనకాల పట్టుకుంటాం. వీధి అరుగుల మీద పడుకున్నవాళ్ళు అప్పుడు లేచి కూర్చునేవాళ్ళు. గట్టిగా ఊదినంతసేపూ లేవనివాళ్ళు! ముసలివాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి నిలబడేవాళ్ళు. అరనిమిషం అయ్యేలోపే పెళ్ళివాళ్ళలో ఎవడో ఒకడు "ఏమాయరా, కొట్టండ్రా!" అని కేకేసేవాడు. మాస్టరు నవ్వి చెయ్యెత్తేవాడు, డ్రమ్ము ధనామని పడేది.

అన్నం దగ్గర మాత్రం నవ్వు రాదు. చాలాచోట్ల బాగానే చూసేవాళ్ళు, కాదనను. కానీ ఒక ఊళ్ళో, పెద్ద కుటుంబమే, పెళ్ళివాళ్ళ బంతులన్నీ లేచాక కూడా మమ్మల్ని పందిట్లోకి రానివ్వక పశువుల కొట్టం పక్కన ఆకులేశారు. సైకిల్ షాపాయన ఆకు విసిరికొట్టబోయాడు. మాస్టరు ఆయన చెయ్యి పట్టుకుని లేపి, ఇంటి యజమానికి నమస్కారం పెట్టి, "కడుపు నిండితే ఊపిరి దిగదు సామీ, ఊదేవాళ్ళకి ఆకలే మంచిది" అని మమ్మల్ని నడిపించుకుని రోడ్డు మీదికి తెచ్చేశాడు. టీ కొట్టులో బన్నులు. డబ్బులు ఆయన జేబులోవి. తెల్లారి ముహూర్తానికి వెళ్ళి ఒప్పుకున్నదంతా ఊదాం, ఒక్క పాట తగ్గించలేదు. నాకైతే తగ్గించాలనే ఉండింది, ఇప్పటికీ ఉంది.

*

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరకి పిలిస్తే మాత్రం ఆయన బ్యాండు తీసుకుపోడు, మమ్మల్ని చూడ్డానికి తీసుకుపోయేవాడు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి, సున్నపు కుండలు, రోజుకొకటి. మొగవాళ్ళు చీరలు కట్టుకుని పసుపు పూసుకుని తిరుగుతుంటే పంబలు, పలకలనే డప్పులు చెవులు చిల్లులు పడేలా మోగేవి. "ఈడ మన ఇత్తడి గెలవదు. గెలవాల్సిన పని గూడా లేదు. ఆ పలకాయన మణికట్టు చూడండి" అని ఒకచోటే గంటలు నిలబెట్టేవాడు. మిలిటరీ నుంచి వచ్చిన మనిషికి పలకలోళ్ళంటే చిన్నచూపుంటుందని నేననుకున్నా. వాళ్ళ దగ్గరే మా సైడ్ డ్రమ్ము కుర్రాణ్ణి కొన్నాళ్ళు వదిలిపెట్టాడు.

కర్ణాటక సంగీతం మీద ఆయనకి భయం లాంటి గౌరవం. పెద్ద గాయకుడు చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్ళై గారి ఊరివాళ్ళం మనం, జాగ్రత్త అనేవాడు. మూడు పిస్టన్లతో తోడి రాగం జోలికి పోకూడదని ఆయన అభిప్రాయం. గమకం కోసం పిస్టన్ సగం నొక్కి ఊదే వాళ్ళని చూస్తే మొహం పక్కకి తిప్పుకునేవాడు, అది రాగం కాదు దగ్గు అనేవాడు. మాకు నేర్పింది ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వరాలు. దీక్షితులు మద్రాసు దగ్గర మణలిలో ఉన్నప్పుడు సెయింట్ జార్జి కోటలో ఈస్టిండియా కంపెనీ వాళ్ళ బ్యాండు విని, ఆ ఇంగ్లీషు మెట్లకి సంస్కృతంలో రాసినవి, దాదాపు నలభై. అన్నీ శంకరాభరణం స్వరాల మీదే, అంటే బ్యాండు మేజర్ స్కేలు మీదే. "సంతతం పాహిమాం" అచ్చం బ్రిటిష్ వాళ్ళ జాతీయగీతం మెట్టు. ఒక బ్యాండు విని దీక్షితులంతటివాడు ఆగాడంటే ఆ బ్యాండు ఎంత శ్రుతిగా ఊది ఉండాలో ఆలోచించండిరా అనేవాడు. ఆ దీక్షితులే మొదటి కీర్తన పాడింది తిరుత్తణిలో, ఆ తిరుత్తణి 1960 దాకా మన చిత్తూరు జిల్లాలోదేనని కూడా కలిపేవాడు. జిల్లా అభిమానం ఆయనకి కొంచెం ఎక్కువే.

*

ఊళ్ళో ఒక బడిలో పిల్లల బ్యాండు ఆయనే తయారుచేశాడు. జీతం పేరుకే, అదీ నెలల తరబడి ఇచ్చేవాళ్ళు కాదు, వాళ్ళ పేరెందుకులెండి. పంద్రాగస్టు ముందు నెలంతా సాయంత్రాలు అక్కడే. నన్ను సాయంగా తీసుకుపోయేవాడు.

జనగణమన పూర్తిగా పాడితే 52 సెకన్లు పట్టాలి. ఆయన వాచీ ఎడమచేతిలో పట్టుకుని కుడిచేత్తో నడిపించేవాడు. పిల్లలు ఎప్పుడూ పరిగెత్తుతారు, అందులోనూ చివరికొచ్చేసరికి. యాభై లోపు అయిపోతే మళ్ళీ. ఇక్కడా ఆయన మెల్లగా పిచ్చే. మొదట్లోనే అరవొద్దు, "జయహే" మొదటిసారి చిన్నగా, రెండోసారి పెంచి, మూడోసారి ఇంకా, ఆ తర్వాతే మొత్తం గొంతు. ఒక చిన్నపిల్ల, క్లారినెట్ ఆమెకంటే పెద్దగా ఉండేది, "సార్, గట్టిగా ఊదితేనే కదా దేశభక్తి?" అనడిగింది. ఆయన చాలాసేపు నవ్వాడు.

మదనపల్లె కథ చెప్పకుండా ఏ రిహార్సల్ ముగించేవాడు కాదు. 1919లో టాగూరు మదనపల్లెలో బిసెంట్ థియొసాఫికల్ కాలేజీకి వచ్చి ఉన్నప్పుడు అక్కడే ఆ పాటని ఇంగ్లీషులోకి మార్చుకున్నారు, కాలేజీ ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతం చదువుకున్నావిడ, ఆమె దానికి స్వరాలు రాసింది. మదనపల్లె అప్పుడు మన జిల్లానే. "దేశమంతా బ్యాండోళ్ళు ఊదేదానికి కాగితం మన జిల్లాలో పుట్టిందిరా" అని ఛాతీ మీద చెయ్యి పెట్టుకునేవాడు. ఆ కాగితానికీ, తర్వాత బ్యాండ్లకి వచ్చిన నొటేషన్‌కీ మధ్య చాలామంది చేతులుండొచ్చు. ఆయన ముందు ఆ మాట అనే ధైర్యం ఎవరికీ లేదు.

షెడ్డులోంచి, ఆ బళ్ళోంచి కలిపి చాలామంది పోలీసు బ్యాండ్లకి, మిలిటరీకి పోయారు. సెలక్షన్‌లో చూడని కాగితం ముందు పెట్టి ఊదమంటారు, అక్కడే చాలామంది తేలిపోతారు. మావాళ్ళకి అది పలక మీద ఎప్పుడో అయిపోయింది. నేను పోలేదు. మా నాయనకి కొడుకు కూర్చుని చేసే ఉద్యోగం చెయ్యాలని ఆశ, తిరుపతిలో లెక్కలు రాసే పనిలో కుదురుకున్నాను. పెళ్ళిళ్ళ సీజన్లో మాత్రం శని, ఆదివారాలు బస్సెక్కి పోయి రెండో కార్నెట్ ఊదివచ్చేవాణ్ణి, పెళ్ళయిన తర్వాత కూడా కొన్నేళ్ళు.

*

పెద్ద డ్రమ్ము తాత పోయినప్పుడు డబ్బుల్లేని చావు మేళం ఊదాం. మామూలుగా చావు ఊరేగింపుకి కూడా పెళ్ళికి లాగే అడ్వాన్సు, తాంబూలం లేకుండా. మిషన్ వైపు క్రైస్తవుల ఇళ్ళల్లో ఎవరైనా పోతే మమ్మల్నే పిలిచేవాళ్ళు, మెల్లగా ఊదుతామని అక్కడ పేరుండేది. తాత వాళ్ళు క్రైస్తవులు కాదు. అయినా మాస్టరు ఆ రోజు సినిమా పాటలు వద్దన్నాడు. డ్రమ్ముకి నల్లగుడ్డ చుట్టి కట్టాడు, చప్పుడు లోపలే మిగలాలి. కొట్టింది తాత కొడుకు. వాడెప్పుడూ డ్రమ్ము ముట్టలేదు, నాన్న వెనకాల తిరిగి చూసినవాడే. నాలుగడుగులకొక దెబ్బ, అంతే చెయ్యమన్నాడు మాస్టరు.

గిరింపేట నుంచి శ్మశానందాకా ఒకే పాట, తిప్పి తిప్పి. అబైడ్ విత్ మి అనే ఇంగ్లీషు క్రైస్తవ కీర్తన. మాస్టరు ఢిల్లీలో విజయ్ చౌక్‌లో జనవరి 29 సాయంత్రం, రిపబ్లిక్ డే వేడుకలు ముగించే బీటింగ్ రిట్రీట్‌లో నిలబడి ఊదిన పాట. అన్ని బ్యాండ్లూ, అన్ని వందల మందీ కలిసి ఊదుతుంటే తన పక్కవాడి ఊపిరి వినపడిందని చెప్పేవాడు, మెల్లగా అంటే ఏంటో ఆయనకి తెలిసింది అక్కడేనట. ఆ రోజు దోవలో లారీలు ఆగాయి. తాత కొడుకు ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. దింపుడు కళ్ళం దగ్గర ఆగినప్పుడు మాత్రం కర్ర కింద పడేసి కూర్చుండిపోయాడు, తీసి డ్రమ్ము ముందు నిలబడింది మాస్టరే.

2022లో ఆ పాటని బీటింగ్ రిట్రీట్ నుంచి తీసేశారు. ఆయన ఏటా టీవీ ముందు కూర్చుని చూసేవాడు. ఆ ఏడాది కార్యక్రమం అయ్యాక కూతురు టీవీ కట్టేయబోతే, "అయిపోయిందా?" అనడిగాడట.

*

ముందు పళ్ళు పోయాయి. ఇత్తడి ఊదేవాడికి పెదవి వెనకాల పైపళ్ళ ఆసరా ఉండాలి, మౌత్‌పీస్ ఆనేది అక్కడే. రెండు కదిలి, ఊడి, కట్టుడు పళ్ళు పెట్టించుకుంటే గట్టి స్వరానికి అవి కదిలేవి. ఒక రిసెప్షన్‌లో పాట మధ్యలో ఆపి, కార్నెట్ తుడిచి పెట్టెలో పెట్టాడు. తర్వాత ఊదలేదు. నడిపించడం, నేర్పించడమే. స్వరం నోటితో పాడి చూపించేవాడు, గొంతు అంత బాగుండదు, కానీ ఎక్కడ తగ్గాలో అక్కడ తగ్గేది.

ఆ తర్వాత వ్యాపారం కూడా పోయింది. ముందు జనరేటరు బండి మీద కీబోర్డు, మైకులో పాటగాడు. తర్వాత డీజే పెట్టెలు. ఇప్పుడు పెళ్ళిళ్ళలో కేరళ చెండ మేళం ఫ్యాషను. బాగానే కొడతారు, నాకు వాళ్ళమీద కోపం లేదు. కరోనాలో పెళ్ళిళ్ళే లేకపోతే మావాళ్ళు ట్రంపెట్లు కుదువ పెట్టారు, కొన్ని మళ్ళీ రాలేదు. షెడ్డు స్థలంలో ఇప్పుడు కార్లు కడుగుతున్నారు.

ఇంట్లో ఒక మూల అంతా పేర్చిపెట్టి ఉంది. రెండు కార్నెట్లు, సొట్టపోయిన ట్రాంబోన్, యూఫోనియం, చర్మం చిరిగిన పెద్ద డ్రమ్ము. పక్కన ట్రంకుపెట్టెలో పుస్తకాలు. ఆయన చేత్తో గీసిన అయిదు గీతలు, ఒక్కో వాయిద్యానికి ఒక్కో నోటుబుక్కు, నీలం సిరా. అక్కడక్కడా మార్జిన్లో ఎర్ర పెన్సిల్‌తో తెలుగులో: "మెల్లగా". "ఇంకా మెల్లగా". ఒకచోట పేజీ మీద మా అందరి పేర్లూ, ఎవరు ఎక్కడ ఊపిరి తీసుకోవాలో. ఇద్దరు ఒకేసారి తీసుకోకుండా. అది నాకు తెలియనే తెలియదు, అన్నేళ్ళూ నా అంతట నేనే ఊపిరి తీసుకున్నాననుకున్నా.

పుస్తకాలు నేను తెచ్చుకున్నాను. కార్నెట్లు ఆ బడివాళ్ళు కొంటామన్నారు, చూడాలి. యూఫోనియం మాత్రం ఇత్తడి వాడికి వెయ్యనివ్వలేదు. మా షెడ్డులో నేర్చుకుని ఇప్పుడు పోలీసు బ్యాండులో ఉన్న కుర్రాడొకడు ఆటో తెచ్చుకుని తీసుకుపోయాడు. మొన్న రాత్రి ఫోన్ చేశాడు. "అన్నా, రెండో పిస్టన్ ఇరుక్కుంటా ఉండాది, ఏం పోయమంటావు?" అని. వాల్వు ఆయిల్ దొరక్కపోతే ఆన్‌లైన్లో తెప్పించుకో గానీ కొబ్బరినూనె మాత్రం పొయ్యొద్దురా నాయనా అని చెప్పాను.